హైదరాబాద్ నుంచి డాలస్: గల్ఫ్ మీదుగానా, యూరప్ మీదుగానా, ఢిల్లీ మీదుగానా?

మా అమ్మానాన్నలు మొదటిసారి డాలస్ వచ్చినప్పుడు టికెట్ కొనడానికి నాకు రెండు వారాలు పట్టింది. రోజూ రాత్రి పిల్లలు పడుకున్నాక ల్యాప్‌టాప్ ముందు కూర్చునేవాణ్ని. మొత్తం ప్రయాణ సమయం తక్కువ ఉన్నవి పైకి వచ్చేలా పెట్టుకుని చూసేవాణ్ని. తెల్లారేసరికి రేటు మారిపోయేది. చివరికి అన్నిటికంటే తక్కువ గంటలు చూపించిన టికెట్ కొన్నాను. మధ్యలో విమానం మారడానికి గంటా ఇరవై నిమిషాలే టైముంది. మొదటి విమానం బయల్దేరడమే ముప్పావుగంట ఆలస్యం. ఇంకేముంది, రెండోది వెళ్లిపోయింది. ఇంగ్లిష్ అంతంతమాత్రం వచ్చిన ఇద్దరు పెద్దవాళ్లు ఊరు కాని ఊళ్లో, ఎయిర్‌పోర్టు కుర్చీల్లో పద్నాలుగు గంటలు కూర్చున్నారు. "నువ్వు గంటలు చూశావురా, మా కాళ్లు చూడలేదు" అన్నారు నాన్న తర్వాత. నవ్వుతూనే అన్నారు గానీ, ఆ మాట నాకు బాగానే తగిలింది.

ఆ తర్వాత అత్తమామలకు, మళ్లీ అమ్మకు, ఒకసారి మా బాబాయి వాళ్లకు టికెట్లు నేనే కొన్నాను. ఇప్పుడు నేను గంటలు చివర్లో చూస్తాను. ఎందుకో దూరం లెక్క చూస్తే మీకే తెలుస్తుంది.

అసలు ఎంత దూరం?

శంషాబాద్ నుంచి డాలస్ ఫోర్ట్‌వర్త్ ఎయిర్‌పోర్టుకు నేరుగా గీత గీస్తే సుమారు 14,400 కిలోమీటర్లు. గోడ మీది మ్యాపులో చూస్తే ఈ గీత అరేబియా సముద్రం, ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా పోతుందనిపిస్తుంది. ఇంట్లో గ్లోబు ఉంటే రెండు ఊళ్ల మధ్య దారం బిగించి పట్టి చూడండి. దారం తిన్నగా ఉత్తరానికి పోతుంది. రెండు ఊళ్ల రేఖాంశాల మధ్య తేడా 175 డిగ్రీలకు పైనే, అంటే దాదాపు భూగోళానికి అటొకటి ఇటొకటి. అందుకే దగ్గరి దారి ఉత్తర ధ్రువానికి ఓ 500 కిలోమీటర్ల దూరంలోంచి పోతుంది. మా చిన్నవాడికి ఇది చూపిస్తే శాంటాక్లాజ్ ఇల్లు కనిపిస్తుందా అనడిగాడు.

మరి నేరుగా విమానం ఎందుకు లేదు? అంత దూరం ఎగరగల విమానాలు లేక కాదు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు సుమారు 15,300 కిలోమీటర్లు ఆగకుండా నడుపుతున్నారు. డాలస్‌కే సిడ్నీ నుంచి దాదాపు 13,800 కిలోమీటర్ల డైరెక్ట్ సర్వీసు ఉంది. హైదరాబాద్ నుంచి కూడా 2021 జనవరిలో ఎయిర్ ఇండియా షికాగోకు నేరుగా విమానం మొదలుపెట్టింది, తర్వాత అది ఆగిపోయింది. అంత దూరం పోయే విమానం బరువులో పెద్ద భాగం ఇంధనమే. ఆ ఇంధనాన్ని మోయడానికి మళ్లీ ఇంధనం కాలుతుంది. సీట్లు నిండుగా, మంచి రేటుకు అమ్ముడైతే తప్ప గిట్టుబాటు కాదు. కాబట్టి మనకు ఎక్కడో ఒకచోట దిగక తప్పదు.

ఎక్కడ దిగినా దూరం పెద్దగా మారదు. లండన్ మీదుగా వెళ్లినా, దోహా మీదుగా వెళ్లినా మొత్తం 15,400, 15,700 కిలోమీటర్ల మధ్యే తేలుతుంది. గాల్లో గడిపే సమయం కూడా ఎటు వెళ్లినా 20, 21 గంటలే. తేడా అంతా ఆ ఇరవై గంటలను ఎక్కడ కోస్తున్నారన్న దాంట్లోనే ఉంది.

ముందు ఇవి తేల్చుకోండి

మొదటిది, అన్నిటికంటే పొడవైన ఒక్క విమానం ఎన్ని గంటలు? పదహారు గంటలు ఒకే సీట్లో కూర్చోవడం, పది గంటల చొప్పున రెండుసార్లు కూర్చోవడం ఒకటి కాదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు, షుగర్ ఉన్నవాళ్లకు, ప్రోస్టేట్ ఇబ్బందితో మాటిమాటికీ బాత్రూమ్‌కు లేచేవాళ్లకు ఇదే మొదట చూడాల్సింది.

రెండోది, మారేచోట ఎంత టైముంది, విమానం తప్పిపోతే తర్వాతిది ఎప్పుడు? ఈ రెండో సగాన్ని ఎవరూ చూడరు. నేనూ చూడలేదు.

మూడోది, అమెరికా ఇమిగ్రేషన్ ఎక్కడ జరుగుతుంది? మామూలుగా అమెరికాలో మొదట కాలుపెట్టిన ఊళ్లోనే అది జరుగుతుంది. అక్కడే పెట్టెలన్నీ బెల్టు మీంచి తీసుకోవాలి. డాలస్‌లోనే అయితే బయట మీరు నిలబడి ఉంటారు. వేరే ఊళ్లో అయితే పెట్టెలు మళ్లీ అప్పగించి, మరో విమానం పట్టుకోవాలి, అదీ ఒంటరిగా.

నాలుగోది కాగితాలు. దాని సంగతి కింద విడిగా చెప్తాను. రేటు వీటన్నిటి తర్వాత. రేటు ముఖ్యం కాదని కాదు. అది వారానికోలా మారుతుంది కాబట్టి దాని గురించి నేను ఇక్కడ రాసి లాభం లేదు.

| దారి | మొత్తం దూరం (సుమారు కి.మీ.) | ఒక్కో విమానం (సుమారు గంటలు) | ఎన్నిసార్లు మారాలి | అమెరికా ఇమిగ్రేషన్ |
|---|---|---|---|---|
| దుబాయ్ మీదుగా | 15,500 | 4 + 16 | ఒకసారి | డాలస్ |
| దోహా మీదుగా | 15,700 | 4½ + 16 | ఒకసారి | డాలస్ |
| లండన్ మీదుగా | 15,400 | 10 + 10½ | ఒకసారి | డాలస్ |
| ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా | 15,400 | 9½ + 11 | ఒకసారి | డాలస్ |
| ఢిల్లీ, షికాగో మీదుగా | 14,600 | 2¼ + 16 లేదా ఇంకా ఎక్కువ + 2¾ | రెండుసార్లు | షికాగో |

ఇవి వెళ్లేటప్పటి లెక్కలు. వచ్చేటప్పుడు పడమటి గాలులు వెనకనుంచి తోస్తాయి కాబట్టి పొడవైన విమానం గంటన్నర దాకా తగ్గుతుంది. డాలస్ నుంచి దుబాయ్‌కి పద్నాలుగున్నర గంటలకు అటూ ఇటూగా చేరిపోతారు.

దుబాయ్, దోహా

మనవాళ్లు ఎక్కువమంది వెళ్లేది ఈ దారినే. దానికి కారణాలున్నాయి. శంషాబాద్ నుంచి గల్ఫ్‌కు విమానాలు చాలా ఉన్నాయి. తోటి ప్రయాణికుల్లో తెలుగు మాట్లాడేవాళ్లు తప్పకుండా ఉంటారు. క్యూలో నిలబడ్డప్పుడు "డాలసేనా అండీ?" అని పలకరించేవాళ్లు దొరికితే పెద్దవాళ్ల టెన్షన్ సగం తగ్గుతుంది. దుబాయ్, దోహా ఎయిర్‌పోర్టుల్లో బయటికి వెళ్లకుండా విమానం మారడానికి వీసా అక్కర్లేదు. రాత్రంతా షాపులు తెరిచే ఉంటాయి.

ఇబ్బంది పదహారు గంటల విమానంతోనే. దానికి ముందు నాలుగు గంటల విమానం నిద్రకు పనికిరాదు. ఎక్కాక భోజనం పెడతారు, ట్రేలు తీస్తారు, కళ్లు మూతపడేసరికి దిగుతున్నామని చెప్తారు. అంటే నిద్రలేని ఒంటితో పెద్ద ప్రయాణం మొదలవుతుంది. మా మామగారు ఇలా వచ్చినప్పుడు పాదాలు వాచి చెప్పులు పట్టలేదు. నడవా పక్క సీటు ముందే కొనకపోవడం నా తప్పు. కిటికీ పక్క కూర్చుని, ఇద్దరిని లేపాల్సి వస్తుందని మొహమాటపడి ఆయన నీళ్లు తాగడమే మానేశారట. ఈ దారిలో పెద్దవాళ్లను పంపితే నడవా సీటుకు డబ్బులు పెట్టండి, వేరే ఏది తగ్గించుకున్నా సరే.

ఇంకో సంగతి. హైదరాబాద్ నుంచి గల్ఫ్‌కు రోజుకు ఎన్నో ఉన్నా, అక్కడి నుంచి డాలస్‌కు ఉండేది మామూలుగా రోజుకు ఒకటీ అరా. తప్పిపోయిందంటే చాలాసార్లు మర్నాటి దాకా ఆగాలి. అందుకని ఇక్కడ రెండున్నర గంటల కంటే తక్కువ టైమున్న టికెట్ నేను కొనను. నాలుగు గంటలున్నా నష్టం లేదు.

2025 జూన్‌లో యుద్ధ వాతావరణం వల్ల ఖతార్ గగనతలం కొన్ని గంటలు మూసేశారు. గాల్లో ఉన్న విమానాలను దారి మళ్లించారు. ఆ ప్రాంతంలో ఉద్రిక్తత వార్తల్లో ఉన్న రోజుల్లో కొంటుంటే, డబ్బు వెనక్కి వచ్చే టికెట్టో, తేదీ మార్చుకునే వీలున్నదో చూసుకోవడం మంచిది.

అబుదాబి గురించి కూడా ఒక మాట. అక్కడి ఎయిర్‌పోర్టులోనే అమెరికా ఇమిగ్రేషన్ అధికారులుంటారు, తనిఖీ అంతా అక్కడే అయిపోతుంది. షికాగోలోనో న్యూయార్క్‌లోనో దిగేటప్పటికి లోకల్ విమానంలోంచి దిగినట్టే ఉంటుంది. డాలస్ వాళ్లకు దీనివల్ల రెండోసారి విమానం మారాల్సి వస్తుంది గానీ, అమెరికాలో పెట్టెల గొడవ తప్పుతుంది. షికాగో, న్యూయార్క్‌లలోనే ఉండేవాళ్లయితే ఇది మొదట చూడాల్సిన దారి.

లండన్, ఫ్రాంక్‌ఫర్ట్

ప్రయాణం సరిగ్గా సగానికి తెగుతుంది. పది గంటల విమానంలో తిని, ఒక సినిమా చూసి, ఐదారు గంటలు నిజంగా పడుకోవచ్చు. దిగి నడిచి, కాళ్లు సాగదీసి, ముఖం కడుక్కుని మళ్లీ ఇంకో పది గంటలు. నా దృష్టిలో డెబ్బై దాటినవాళ్ల ఒంటికి ఇదే మంచి దారి. పోయినసారి అమ్మానాన్నలను లండన్ మీదుగా రప్పించాను. దిగిన రోజు సాయంత్రమే నాన్న వీధి చివరిదాకా నడిచొచ్చారు. గల్ఫ్ మీదుగా వచ్చినప్పుడు రెండు రోజులు మంచం దిగలేదు.

లండన్ నుంచి డాలస్‌కు బ్రిటిష్ ఎయిర్‌వేస్, అమెరికన్ ఎయిర్‌లైన్స్ రెండూ కలిసి రోజుకు చాలా విమానాలు నడుపుతాయి. ఒకటి తప్పినా, సీట్లుంటే అదే రోజు ఇంకోదాంట్లో ఎక్కించే అవకాశం ఎక్కువ. రెండు గంటల టైముతో టికెట్ కొనాల్సి వస్తే నేను గల్ఫ్‌లో కొనను, లండన్‌లో అయితే ఆలోచిస్తాను.

ఇక ఇబ్బందులు. హీత్రూలో సెక్యూరిటీ తనిఖీ మళ్లీ చేస్తారు. చేతిసంచిలో పెట్టుకున్న ఆవకాయ సీసా ఏదో ఒక తనిఖీలో ఆగిపోవచ్చు. నూనె తేలే పచ్చళ్లన్నీ పెద్ద పెట్టెలోనే వెయ్యాలి. (కరివేపాకు ఏ పెట్టెలో వేసినా లాభం లేదు, పచ్చి కరివేపాకును అమెరికాలోకి రానివ్వరు.) ఒక టెర్మినల్‌లో దిగి ఇంకో టెర్మినల్‌లో ఎక్కాల్సి వస్తే బస్సు ఎక్కాలి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో నడక చాలా ఎక్కువ. పెద్దవాళ్లకు రెండుచోట్లా వీల్‌చెయిర్ తప్పనిసరి. "నేను నడవగలను" అని అమ్మ ఒప్పుకోలేదు. వీల్‌చెయిర్ అంటే నడవలేరని కాదని, దారి తెలిసిన మనిషి పక్కనే ఉంటాడని చెప్తే ఒప్పుకుంది. టికెట్ కొన్న రోజునే అడగండి. ఆలస్యమైనా ప్రయాణానికి 48 గంటల ముందు చెప్పాలి. దానికి డబ్బు తీసుకోరు.

డిసెంబర్, జనవరి నెలల్లో మంచు, పొగమంచు వల్ల యూరప్ ఎయిర్‌పోర్టుల్లో ఆలస్యాలు మామూలే. ఆ రోజుల్లో మూడు గంటలకు తగ్గకుండా చూసుకోండి.

ఢిల్లీ మీదుగా

పట్టిక మళ్లీ ఒకసారి చూడండి. దూరంలో అన్నిటికంటే తక్కువది ఇదే, నేరు గీతకూ దీనికీ ఓ 150 కిలోమీటర్ల తేడా మాత్రమే. అయినా చేరేసరికి అన్నిటికంటే ఆలస్యమయ్యేది కూడా ఇదే. రెండుసార్లు మారాలి. దానికి తోడు 2025 ఏప్రిల్ 24 నుంచి పాకిస్తాన్ తన గగనతలాన్ని మన దేశపు విమానాలకు మూసేసింది. దాంతో ఎయిర్ ఇండియా అమెరికా విమానాలు చుట్టూ తిరిగి, ఎక్కువగా వియన్నాలో, ఇంధనం కోసం దిగాల్సి వచ్చింది. ఆ ఆగడంలో ప్రయాణికులు కిందికి దిగరు, సీట్లోనే కూర్చోవాలి. కొన్ని సర్వీసులనైతే ఆపేశారు కూడా. కాబట్టి మీరు కొనే రోజున ఏది నడుస్తోంది, మధ్యలో ఆగుతోందా అన్నది తప్పక చూసుకోండి.

అసలు కష్టం షికాగోలో ఉంది. ఇమిగ్రేషన్ అయ్యాక పెట్టెలు తీసుకుని, మళ్లీ అప్పగించి, ఎయిర్‌పోర్టు రైలెక్కి వేరే టెర్మినల్‌కు పోయి, అక్కడ మళ్లీ సెక్యూరిటీ దాటాలి. ఎన్నోసార్లు తిరిగినవాళ్లకు ఇదేం లెక్క కాదు. మొదటిసారి వచ్చే తల్లిదండ్రులను ఒంటరిగా ఇలా పంపడం నాకిష్టం లేదు.

అయితే ఈ దారి బాగా కుదిరేవాళ్లూ ఉన్నారు. మా బాబాయి పెద్దకొడుకు షికాగోలో, చిన్నకొడుకు డాలస్‌లో ఉంటారు. వాళ్లు షికాగోలో దిగి మూడు వారాలుండి, తర్వాత తీరిగ్గా ఇటొచ్చారు. విమానంలో హిందీలో మాట్లాడొచ్చు, పప్పూ అన్నం పెడతారు. పిన్నికి అదే పెద్ద ధైర్యం.

కాగితాల మెలిక

గడువు తీరని విజిటర్ వీసా స్టాంపు ఉన్న తల్లిదండ్రులకు దీంతో పనిలేదు. పాస్‌పోర్టులో గడువున్న అమెరికా వీసా ఉంటే, ఎయిర్‌పోర్టు బయటికి వెళ్లకుండా విమానం మారడానికి ఫ్రాంక్‌ఫర్ట్‌లో గానీ లండన్‌లో గానీ విడిగా ట్రాన్సిట్ వీసా అడగరు.

చిక్కు మనలాంటి ఉద్యోగస్తులకే. హెచ్1బి (అమెరికా ఉద్యోగ వీసా) పొడిగింపు కాగితం చేతిలో ఉంటుంది, పాస్‌పోర్టులో స్టాంపు మాత్రం ఎప్పుడో గడువు దాటిపోయి ఉంటుంది. స్టాంపింగ్ కోసమే ఇండియా బయల్దేరతాం. అలాంటప్పుడు యూరప్ టికెట్ చవగ్గా దొరికిందని కొంటే చెకిన్ కౌంటర్ దగ్గరే ఆపేసే ప్రమాదం ఉంది. బ్రిటన్ నియమాలు వేరు, షెంగెన్ దేశాల (జర్మనీతో సహా ఉమ్మడి వీసా ఉన్న యూరప్ దేశాల) నియమాలు వేరు, అవి మారుతుంటాయి కూడా. ఆయా ప్రభుత్వాల సైట్లలో చూసుకునే ఓపిక లేకపోతే గల్ఫ్ దారి పట్టండి, గొడవ ఉండదు.

కొనే ముందు టికెట్‌లో చూడాల్సినవి

గంటల లెక్క మీరే వేసుకోండి. డాలస్ గడియారం మనకంటే వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక. జూలైలో శనివారం రాత్రి 10కి బయల్దేరి ఆదివారం మధ్యాహ్నం 2కి చేరుతుందని ఉంటే పదహారు గంటలనిపిస్తుంది. దానికి పదిన్నర కలపండి, ఇరవై ఆరున్నర. శంషాబాద్‌కు ముందు ఇంటి నుంచి పట్టే టైమూ కలపాలి. కరీంనగర్ నుంచైతే నాలుగు గంటలు, విజయవాడ నుంచైతే ఐదు. ఇంటి నుంచి ఇంటికి లెక్కేస్తే ఎవరికైనా ముప్పై గంటలు దాటుతుంది. అందులో రెండు గంటలు మిగిల్చడానికి పదివేలు ఎక్కువ పెట్టడం నాకు అర్థం లేని పనిగా కనిపిస్తుంది.

అన్ని విమానాలూ ఒకే బుకింగ్ నంబరు కింద ఉండాలి. విడివిడిగా కొంటే చవగ్గా వస్తుంది గానీ, మొదటిది ఆలస్యమై రెండోది తప్పితే ఎవరూ పూచీ ఉండరు, పెట్టెలూ మధ్యలో తీసుకోవాల్సి రావచ్చు. టికెట్ మీద ఒక సంస్థ పేరుండి నడిపేది ఇంకో సంస్థ అయితే, సీటు, వీల్‌చెయిర్, శాకాహార భోజనం రెండుచోట్లా నమోదయ్యాయా అని ఫోన్ చేసి కనుక్కోండి. మందులు, ఇన్సులిన్, డాక్టర్ చీటీ చేతిసంచిలోనే.

ఎవరికి ఏది?

డెబ్బై దాటినవాళ్లు, మోకాళ్ల నొప్పులు, గుండె జబ్బు ఉన్నవాళ్లు: లండన్ లేదా ఫ్రాంక్‌ఫర్ట్, మూడు గంటల టైముతో, వీల్‌చెయిర్ పెట్టుకుని. అంతకు ముందు డాక్టర్‌కు ఒక మాట చెప్పి.

పసిపిల్లలతో వచ్చే తల్లి: ఇక్కడ నా లెక్క తిరగబడుతుంది. నిద్రపోతున్న పిల్లను లేపి సెక్యూరిటీలో నిలబడటం కంటే, ఒకసారి పడుకోబెడితే పదహారు గంటల దాకా కదిలించక్కర్లేని గల్ఫ్ విమానమే నయం అంటుంది మా ఆవిడ. రెండు దార్లలోనూ పిల్లలతో వచ్చిన మనిషి కాబట్టి ఆమె మాటే ఖాయం.

చదువుకోవడానికి వస్తున్న కుర్రాళ్లు: రేటు తక్కువ ఏదైతే అది, ఒకే బుకింగ్ అయితే చాలు. పెట్టెలు ఎన్ని ఇస్తున్నారో చూసుకోండి, కుక్కరు, పచ్చళ్లు, పొడులు ఒక్క పెట్టెలో పట్టవు.

ఈ ఏడాది అమ్మ ఒక్కతే వస్తోంది. పైన చెప్పినదంతా నేనే ఆమెకు ఫోన్లో చెప్పి, లండన్ టికెట్ చూసి పెట్టాను. అమ్మ అంతా విని, దుబాయ్ మీదుగా కొనమంది. మా వీధిలో సుజాతక్క కూతురు డాలస్ పక్కనే ఫ్రిస్కోలో ఉంటుందట, అక్క అదే నెలలో ఆ విమానంలోనే వస్తోందట. "పదహారు గంటలమ్మా" అన్నాను. "మాట్లాడుకుంటూ వస్తాం, నువ్వు పక్కపక్క సీట్లు చూడు" అంది. ఒకటి నడవా పక్కది కొన్నాను.